చిన్నపిల్లలతో విదేశీ చదువు: అందరూ కలిసి వెళ్లాలా, ఒకరే వెళ్లాలా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, పెళ్లయి పిల్లలు పుట్టాక విదేశంలో మాస్టర్సో పీహెచ్‌డీయో చేయాలనుకునే తెలుగువాళ్లు చాలామందే కనిపిస్తారు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ అపార్ట్‌మెంట్లలో ఇలాంటి జంట ఒకటైనా ఉంటుంది. అడ్మిషన్ వచ్చేదాకా అందరూ చూసేది యూనివర్సిటీ ర్యాంకు, ఫీజు, కోర్సయ్యాక ఉద్యోగం. లెటర్ చేతికొచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. మూడేళ్ల పాప ఉంది, ఇంకొకరికి ఇక్కడ మంచి ఉద్యోగం ఉంది, ఊళ్లో అమ్మానాన్నలకు వయసు మీద పడుతోంది. ఇప్పుడేం చేయాలి?

దారులు నాలుగే. అందరూ మొదటి రోజునుంచే కలిసి వెళ్లడం. చదువుకునేవాళ్లు ముందు వెళ్లి, కొన్ని నెలలకు మిగతావాళ్లను పిలిపించుకోవడం. ఒకరు వెళ్లి, మిగిలినవాళ్లు బెంగళూరులోనే ఉండిపోవడం. పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో ఉంచి దంపతులిద్దరూ వెళ్లడం. ఇళ్లలో జరిగే చర్చ ఎక్కువగా "ఉండగలమా, ఉండలేమా" అనే దగ్గరే తిరుగుతుంది. నా ఉద్దేశంలో ఈ నిర్ణయాన్ని చదువుకునేవాళ్ల వైపు నుంచి కాదు, కోర్సులో చేరని రెండోవారి (భార్య లేదా భర్త) వైపు నుంచి చూడాలి. కోర్సులో పడ్డవాళ్లకు రోజంతా పని ఉంటుంది, స్నేహితులు దొరుకుతారు, చివర్లో డిగ్రీ వస్తుంది. రెండోవారికి ఏమొస్తుంది, రోజు ఎలా గడుస్తుంది అన్నది తేలితే నాలుగు దారుల్లో రెండు వాటంతటవే పక్కకు పోతాయి.

## ముందు ఈ ఐదూ తేల్చుకోండి

రెండోవారికి పని చేసే హక్కు. దీన్ని మొదట పెట్టడానికి కారణం డబ్బొక్కటే కాదు. పదేళ్లు ఉద్యోగం చేసిన మనిషి ఒక్కసారిగా కొత్త దేశంలో, చలిలో, చిన్నపిల్లతో ఒక గదిలో ఉండిపోతే ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. కొన్ని దేశాల్లో చట్టమే ఉద్యోగం వద్దంటుంది. అది తెలిసీ వెళ్లడం వేరు, వెళ్లాక తెలుసుకోవడం వేరు.

కోర్సు ఎన్ని నెలలు. ఏడాది కోర్సుకీ, రెండేళ్ల కోర్సుకీ, నాలుగైదేళ్ల పీహెచ్‌డీకీ జవాబు ఒకటి కాదు. ఏడాది కోర్సులో ఇల్లు వెతికి, డేకేర్ దొరికించుకుని, పిల్ల అలవాటు పడేసరికి చివరి సెమిస్టర్ వచ్చేస్తుంది.

పిల్లల వయసు. రెండేళ్లలోపు పిల్లలకు డేకేర్ ఖర్చు దాదాపు ప్రతి దేశంలోనూ ఎక్కువే. మూడు నుంచి ఐదు మధ్య కొన్ని దేశాల్లో ప్రభుత్వ సాయం మొదలవుతుంది. ఆరు దాటితే ప్రభుత్వ స్కూల్ ఉంటుంది కాబట్టి ఖర్చు తగ్గుతుంది. అయితే అప్పుడు భాష, స్నేహితులు, తిరిగొచ్చాక ఏ క్లాసులో వేయాలి అన్న ప్రశ్నలు వస్తాయి.

డబ్బు చూపించడం. వీసాకు చూపించాల్సిన మొత్తం తల తలకీ పెరుగుతుంది. ఎడ్యుకేషన్ లోన్ మామూలుగా విద్యార్థి ఫీజుకీ, విద్యార్థి ఖర్చుకీ ఇస్తారు. భార్యాబిడ్డల తిండికీ అద్దెకీ లోన్‌మీద లెక్క వేసుకోకండి.

ఆరోగ్య బీమా. చాలామంది చివర్లో చూసేది ఇదే. చిన్నపిల్లలున్న ఇంటికి అన్నిటికంటే ముందు అవసరమయ్యేదీ ఇదే.

## దేశాల వారీగా

కిందివి 2025లో అమల్లో ఉన్న నిబంధనలు. ఇవి ఏటా మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే వారం ఆయా దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే మాటకు తేదీ ఉండదు.

| దేశం | కుటుంబానికి వీసా | భార్య/భర్త ఉద్యోగం | పిల్లలు |
|---|---|---|---|
| అమెరికా | ఎఫ్-1 విద్యార్థి కుటుంబానికి ఎఫ్-2 | కుదరదు | ప్రభుత్వ స్కూల్లో చదవొచ్చు, డేకేర్ సొంత ఖర్చు |
| బ్రిటన్ | పీహెచ్‌డీ, పరిశోధన డిగ్రీలు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉన్నవారికి మాత్రమే | వీసా వస్తే దాదాపు ఏ ఉద్యోగమైనా | ప్రభుత్వ స్కూల్ ఉచితం. ఇంగ్లండ్‌లో 3, 4 ఏళ్ల పిల్లలకు వారానికి 15 గంటలు ఉచితం, స్కూల్ టర్మ్ రోజుల్లో |
| కెనడా | వెంట రావొచ్చు | 16 నెలలు, ఆపైన ఉన్న మాస్టర్స్, పీహెచ్‌డీ, కొన్ని వృత్తి కోర్సులకే ఓపెన్ వర్క్ పర్మిట్ (దాదాపు ఏ కంపెనీలోనైనా పని చేయొచ్చు) | తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లలు విడిగా స్టడీ పర్మిట్ లేకుండా స్కూలుకు వెళ్లొచ్చు |
| జర్మనీ | విడిగా ఫ్యామిలీ వీసా | పూర్తిగా చేయొచ్చు | ఏడాది నిండిన పిల్లలకు డేకేర్ సీటు చట్టబద్ధమైన హక్కు |
| ఆస్ట్రేలియా | స్టూడెంట్ వీసాలోనే కలుస్తారు | మాస్టర్స్, పీహెచ్‌డీ అయితే గంటల పరిమితి లేదు | స్కూల్ ఫీజు రాష్ట్రాన్ని బట్టి |

టేబుల్లో పట్టని సంగతులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

బ్రిటన్. 2024 జనవరి 1 నుంచి మొదలైన మామూలు మాస్టర్స్ కోర్సులకు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదు. ఇప్పటికీ "మా కజిన్ భార్యాపిల్లలతో వెళ్లాడు కదా" అనేవాళ్లున్నారు. ఆ కజిన్ అంతకుముందు వెళ్లి ఉంటాడు. పీహెచ్‌డీ వాళ్లకు మాత్రం బ్రిటన్ ఇప్పటికీ మంచి దారే, ఎందుకంటే రెండోవారు ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసుకోవచ్చు. అయితే హెల్త్ సర్‌చార్జి (ప్రభుత్వ వైద్యసేవ కోసం వీసాతో పాటు కట్టే రుసుము) విద్యార్థి కుటుంబంలో మనిషికి ఏడాదికి 776 పౌండ్లు, అదీ వీసా మొత్తం కాలానికి ముందే కట్టాలి. ముగ్గురికి నాలుగేళ్లంటే 9,000 పౌండ్లు దాటుతుంది. మొదటి నెల జీతం రాకముందే బయటికి పోయే డబ్బు ఇది.

కెనడా. ఇక్కడ 16 నెలలు అన్న అంకె గుర్తుంచుకోండి. 2025 జనవరి 21 నుంచి ఈ పరిమితి అమల్లో ఉంది. ఒకే యూనివర్సిటీలో 12 నెలల మాస్టర్స్, 20 నెలల మాస్టర్స్ రెండూ ఉంటే, ఫీజు తక్కువని చిన్నది ఎంచుకున్నవాళ్ల భార్యకో భర్తకో వర్క్ పర్మిట్ రాదు. రెండోవారు అక్కడ ఉద్యోగం చేయాలనుకుంటే పెద్ద కోర్సే చివరికి చవక పడొచ్చు. విద్యార్థి ఒక్కరికే, ఫీజు కాకుండా, ఏడాదికి 22,895 కెనడా డాలర్లు చూపించాలి (2025 సెప్టెంబర్ నుంచి). కుటుంబం ఉంటే ఇంకా ఎక్కువ.

జర్మనీ. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వ్యూర్టెంబర్గ్‌లో మాత్రం బయటి దేశాల విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇప్పుడు ఫీజు తీసుకుంటోంది. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పునే తీసుకోనిచ్చే ఖాతా) వేయాల్సింది ఏడాదికి 11,904 యూరోలు, అంటే 12 లక్షల రూపాయల పైమాటే. ఫీజు లేని దేశమని సంబరపడి మూడు సంగతులు మరిచిపోతుంటారు.

ఒకటి, మామూలు మాస్టర్స్ విద్యార్థి భార్య లేదా భర్త ఫ్యామిలీ వీసాకు జర్మన్ భాషలో ఏ1 (మొదటి స్థాయి) పరీక్ష పాసవ్వాలి. పీహెచ్‌డీ వాళ్లు పరిశోధకుల కేటగిరీలో వెళ్తే ఈ షరతు ఉండదు. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇందిరానగర్‌లో గోతె ఇన్‌స్టిట్యూట్ ఉంది, పరీక్ష అక్కడే రాయొచ్చు. అడ్మిషన్ వచ్చాక కాదు, అప్లికేషన్ పెట్టిన రోజే రెండోవారు క్లాసుల్లో చేరితే ఆర్నెల్లు కలిసొస్తుంది.

రెండు, బీమా. ముప్పై ఏళ్లలోపు విద్యార్థికి ప్రభుత్వ బీమా తక్కువ రేటుకు దొరుకుతుంది, సంపాదన లేని భార్యాబిడ్డలు అదనపు డబ్బు లేకుండా అందులోనే కలుస్తారు. చిన్నపిల్లలున్న ఇంటికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకో దేశంలో చూడలేదు. కానీ ముప్పై దాటితే ఆ విద్యార్థి రేటు ఉండదు. కొత్తగా వెళ్లేవాళ్లు చాలావరకు ప్రైవేటు బీమాకే పోవాల్సి వస్తుంది, అక్కడ ఎవరి ప్రీమియం వారిదే. పిల్లలున్న విద్యార్థుల్లో ఎక్కువమంది ముప్పై దాటినవాళ్లే అన్నది వేరే చెప్పక్కర్లేదు. యూనివర్సిటీలో జీతం వచ్చే పీహెచ్‌డీ ఉద్యోగమైతే ఈ సమస్య రాదు, ఉద్యోగిగా ప్రభుత్వ బీమాలోకి వెళ్తారు.

మూడు, డేకేర్. అక్కడ దాన్ని కీటా అంటారు. సీటు హక్కే అయినా సీట్లు చాలవు. బెర్లిన్‌లో కీటా ఫీజు లేదు, భోజనానికి కొద్దిగా కట్టాలి. ఊరు మారితే ఫీజూ మారుతుంది. ఇంకోటి, పిల్లలకు తట్టు టీకా వేయించినట్టు కాగితం లేకుండా కీటాలో చేర్చుకోరు. 2020 మార్చి నుంచి ఇది చట్టం. మీ పీడియాట్రీషియన్ ఇచ్చిన టీకాల పుస్తకంలో ప్రతి డోసు పక్కన తేదీ, స్టాంపు ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఆస్ట్రేలియా. ఇక్కడ ఉచ్చు అప్లికేషన్ ఫారంలోనే ఉంది. కుటుంబం ఇప్పుడు రాకపోయినా మొదటి అప్లికేషన్‌లోనే భార్య, పిల్లల పేర్లు రాయాలి. "తర్వాత చూద్దాం" అని వదిలేస్తే తర్వాత వాళ్లకు ఆ వీసా ఇవ్వకపోవచ్చు. చూపించాల్సిన డబ్బు విద్యార్థికి 29,710, భార్య/భర్తకు 10,394, ఒక్కో బిడ్డకు 4,449 ఆస్ట్రేలియా డాలర్లు. స్కూలు వయసు పిల్ల ఉంటే ఏడాదికి 13,502 డాలర్లు స్కూలు ఖర్చు కింద అదనం. పైన ప్రయాణ ఖర్చు, మొదటి ఏడాది ఫీజు. కాగితం మీద పెద్ద మొత్తమే. కాకపోతే మాస్టర్స్, పీహెచ్‌డీ అయితే కోర్సు మొదలైనప్పటి నుంచి రెండోవారు ఫుల్‌టైమ్ పని చేసుకోవచ్చు.

అమెరికా. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేదీ, రెండోవారికి కష్టంగా ఉండేదీ ఇక్కడే. ఎఫ్-2 మీద జీతానికి పని చేయడం కుదరదు, పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చు. కొన్ని యూనివర్సిటీలు, స్కాలర్‌షిప్‌లు ఎఫ్-1 బదులు జె-1 (ఎక్స్‌ఛేంజ్ కార్యక్రమాల) వీసాకు దారి చూపిస్తాయి. అప్పుడు జె-2 మీద వచ్చినవారు వర్క్ పర్మిట్‌కు అప్లై చేసుకోవచ్చు. అయితే జె-1లో కొందరికి కోర్సయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండి తీరాలన్న షరతు పడుతుంది, అది చూసుకుని ఒప్పుకోవాలి. వీసా ఇంటర్వ్యూకు బెంగళూరు వాళ్లు 2025లో చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లాల్సి వచ్చింది. 2025 సెప్టెంబర్ నుంచి చిన్నపిల్లలకు కూడా మినహాయింపు లేదు, వెంట తీసుకెళ్లాల్సిందే.

## నాలుగు దారులు

### మొదటినుంచే అందరూ

పిల్లకు రెండేళ్లు కూడా నిండకపోతే, కోర్సు రెండేళ్లకు పైనే అయితే, రెండోవారికి పని హక్కు ఉంటే ఇదే మంచిది. అంత చిన్న పిల్లకు బెంగళూరైనా జర్మనీలోని బ్రెమెన్ అయినా ఒకటే. అమ్మా నాన్నా ఇద్దరూ కనపడితే చాలు.

కష్టమంతా మొదటి మూడు నెలల్లో ఉంటుంది. యూనివర్సిటీ హాస్టళ్లలో ఫ్యామిలీ అపార్ట్‌మెంట్లు ఉన్నా వెయిటింగ్ లిస్టు ఉంటుంది. చదువుకునేవారికి ఓరియెంటేషన్, రెండోవారికి సూపర్‌మార్కెట్ ఎక్కడుందో కూడా తెలీదు, పిల్లకు జలుబు. పక్కింటి ఆంటీ లేదు, పనమ్మాయి లేదు, రాత్రి పదింటికి ఇడ్లీ పిండి తెచ్చిచ్చే యాప్ లేదు. ఈ మూడు నెలలకు సరిపడా డబ్బు రూపాయల్లో కాదు, అక్కడి కరెన్సీలో చేతిలో ఉండాలి.

అమ్మనో అత్తగారినో తోడు తీసుకెళ్దామని చాలామంది అనుకుంటారు. విజిటర్ వీసా మీద బ్రిటన్‌లో ఆర్నెల్ల వరకు, జర్మనీ లాంటి షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్) దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు. వాళ్లు చూడటానికి వచ్చే బంధువులు అవుతారు గానీ, వీసా దృష్టిలో పిల్లల్ని చూసుకునే ఆయాలు కాదు. ఇంటర్వ్యూలో "మనవరాల్ని చూసుకోవడానికి" అని పెద్దావిడ అమాయకంగా చెప్పేస్తే చిక్కే.

### ముందు ఒకరు, తర్వాత మిగతావాళ్లు

బెంగళూరు తెలుగు కుటుంబాల్లో ఎక్కువమందికి నేను సూచించేది ఇదే, కోర్సు కనీసం రెండేళ్లుంటే. ముందు వెళ్లినవారు ఇల్లు చూస్తారు, డేకేర్ లిస్టులో పేరు రాయిస్తారు, ఏ బస్సు ఎటు వెళ్తుందో తెలుసుకుంటారు. ఇక్కడున్నవారు జీతం తీసుకుంటూనే ఇంటి అగ్రిమెంట్ గడువు చూసుకుని నోటీసు ఇస్తారు. బెంగళూరులో ఇంటికి కట్టిన డిపాజిట్ చిన్న మొత్తం కాదు కదా, అది తిరిగొచ్చే నెలనూ విమానం టికెట్ల నెలనూ కలుపుకుంటే సాయమే. ఓనర్ పెయింటింగ్ పేరు చెప్పి ఎంత కోస్తాడో కూడా లెక్కలో పెట్టుకోండి.

ఎడబాటు ఎన్నాళ్లుండాలి? మూడు నుంచి ఆరు నెలలు. ఆరు దాటి సాగుతుంటే అది ఈ దారి కాదు, మూడో దారి అయిపోయినట్టే. అలా సాగడానికి మామూలుగా కారణం ఫ్యామిలీ వీసా అపాయింట్‌మెంట్ ఆలస్యం. అందుకే మొదటివారు విమానం ఎక్కకముందే రెండోవారి ఫైలు సిద్ధంగా ఉండాలి.

స్కూలు పిల్లలుంటే క్యాలెండర్ చూడండి. ఇక్కడ కొత్త క్లాసు జూన్ చుట్టూ మొదలవుతుంది, అమెరికా, యూరప్‌లలో ఆగస్టు, సెప్టెంబర్, ఆస్ట్రేలియాలో జనవరి చివర. వేసవి సెలవుల్లో వెళ్లేలా చూసుకుంటే ఇక్కడ కొత్త ఏడాది ఫీజు కట్టి పోగొట్టుకునే పని ఉండదు.

### ఒకరే వెళ్లడం, మిగతావాళ్లు బెంగళూరులోనే

బ్రిటన్ ఏడాది మాస్టర్స్ అయితే చట్టమే ఈ దారిలోకి నెడుతుంది. అమెరికా రెండేళ్ల ఎంఎస్‌కు కూడా, రెండోవారి ఉద్యోగం బాగుంటే, ఇదే నయమని నా అభిప్రాయం. ఒక జీతం ఆగకుండా వస్తుంది, పిల్ల స్కూలు మారదు, లోన్ మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఇందులో భారమంతా ఇక్కడున్నవారి మీదే పడుతుందన్నది దాచక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు డేకేర్ మూసే టైమ్ అవుతుంది. పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి ఇంకెవరూ ఉండరు. అందుకే వెళ్లేముందు కొన్ని ఏర్పాట్లు కాగితం మీద ఉండాలి. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ (ఉద్యోగుల పిల్లలకు డేకేర్) సదుపాయం కల్పించాలన్న నిబంధన 2017 మెటర్నిటీ బెనిఫిట్ సవరణతో వచ్చింది. మీ ఆఫీసులో ఉందేమో అడగండి. వెళ్లేవారు ఉద్యోగం మానేస్తే వాళ్ల కంపెనీ ఇచ్చిన ఫ్యామిలీ బీమా కూడా పోతుంది. పిల్లల్ని, పెద్దల్ని రెండోవారి పాలసీలోకి మార్చడానికి గడువు ఉంటుంది, దాటనివ్వకండి. బ్యాంకు, ఇంటి పనులకు పవర్ ఆఫ్ అటార్నీ రాసిపెట్టుకోండి.

నెల్లూరు నుంచి అమ్మ మూడు నెలలు, అనంతపురం నుంచి అత్తగారు మూడు నెలలు అన్న పద్ధతి నడుస్తుంది. అది మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకుంటేనే నడుస్తుంది. మామగారి బీపీ, అమ్మ మోకాళ్లు కూడా ఆ మాటల్లో ఉండాలి.

దూరంగా ఉన్నవారు పిల్లతో ఎప్పుడు మాట్లాడతారన్నది చిన్న విషయం కాదు. బెంగళూరులో రాత్రి 8:30, పిల్ల అన్నం తిని పడుకునే ముందు:

| ఎక్కడ | చలికాలం (అక్కడి) | ఎండాకాలం (అక్కడి) |
|---|---|---|
| జర్మనీ | సాయంత్రం 4 | సాయంత్రం 5 |
| బ్రిటన్ | మధ్యాహ్నం 3 | సాయంత్రం 4 |
| న్యూయార్క్, టొరంటో | ఉదయం 10 | ఉదయం 11 |
| కాలిఫోర్నియా | ఉదయం 7 | ఉదయం 8 |
| సిడ్నీ | రాత్రి 1 | రాత్రి 2 |

సిడ్నీ వెళ్లేవారు పడుకునేముందు కథలు చెప్పడం మరిచిపోవచ్చు. వాళ్లకు కుదిరేది పొద్దున పూట, ఇక్కడ 7:30కి పిల్ల స్కూలు బస్సు కోసం రెడీ అవుతుంటే అక్కడ మధ్యాహ్నం 12 లేదా 1. కాలిఫోర్నియా వాళ్లకు కాఫీ తాగుతూ కథ చెప్పే వీలుంది. న్యూయార్క్ వాళ్లు టైమ్‌టేబుల్లో ఉదయం పదింటి క్లాసు పెట్టుకోకుండా ఉంటే చాలు.

ఇక సెలవులు. ఇక్కడి ఏప్రిల్, మే నెలల్లో కుటుంబం విజిటర్ వీసా మీద వెళ్లి రావొచ్చు. బ్రిటన్ మాస్టర్స్‌లో అప్పటికి తరగతులు చాలావరకు అయిపోయి థీసిస్ రాసే కాలం మొదలవుతుంటుంది, కాస్త తీరిక దొరుకుతుంది.

### పిల్లల్ని ఊళ్లో ఉంచి ఇద్దరూ వెళ్లడం

మన దగ్గర ఇది కొత్త కాదు. ముందు తరంలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు చేశారు, నిన్నమొన్న అమెరికా వెళ్లినవాళ్లూ చేశారు. డబ్బు లెక్కలో ఇది అన్నిటికంటే బాగా కనిపిస్తుంది. డేకేర్ ఖర్చు లేదు, రెండోవారు పూర్తిగా పని చేయొచ్చు, పిల్లకు తెలుగు బాగా వస్తుంది.

అయినా నేను దీన్ని ఆఖరున పెడతాను. మూడు నాలుగు నెలలకు, ఇల్లు కుదిరేవరకు అయితే సరే. ఏడాదికీ రెండేళ్లకూ అయితే వద్దంటాను. ముఖ్యంగా మాటలు నేర్చుకునే వయసు పిల్లల్ని అలా వదలడానికి నా మనసు ఒప్పదు. తిరిగి తీసుకెళ్లేటప్పుడు పిల్ల ఏడ్చేది నానమ్మ కోసం, నానమ్మ కూడా ఏడుస్తుంది. ఆ బెంగ తీరేలోపు కొత్త దేశం, కొత్త భాష, సరిగా గుర్తులేని అమ్మానాన్న. మీరు ఆదా చేసిన డేకేర్ డబ్బు కన్నా ఇది పెద్ద ఖర్చు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్ల తానే "నేను తాతయ్య దగ్గరుంటా" అంటే ఆ సంగతి వేరు.

## ఎవరికి ఏది

రెండోవారి ఉద్యోగం ఐటీలో, కంపెనీకి అక్కడ ఆఫీసు ఉంటే ముందు మేనేజర్‌ను అడగండి. బదిలీ దొరికితే డిపెండెంట్ వీసా గొడవే ఉండదు, ఒక్కోసారి చదువుకునేవారే డిపెండెంట్‌గా వెళ్లి చదువుకునే దారి కూడా తెరుచుకుంటుంది. ఇంటికి ఎవరి వీసా ముఖ్యం కావాలన్నది అప్పుడు మళ్లీ ఆలోచించుకోవచ్చు.

పీహెచ్‌డీ వచ్చినవాళ్లు కుటుంబంతోనే వెళ్లండి. నాలుగేళ్ల ఎడబాటుకు ఏ డిగ్రీ సరిపోదు. జీతమో స్టైపెండో ఉంటుంది. జర్మనీ, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో రెండోవారికి పనీ ఉంటుంది. అమెరికా స్టైపెండ్ మీద ముగ్గురు బతకడం ఊరిని బట్టి ఉంటుంది, చిన్న యూనివర్సిటీ టౌన్‌లో అద్దెలు అందుబాటులో ఉండొచ్చు, బోస్టన్‌లో కష్టం.

చదువుకునేది తల్లి అయితే దారులు అవే, ఇంట్లో మాటలు మాత్రం వేరు. భర్త వెళ్తే "పాపం, పిల్లల కోసం కష్టపడుతున్నాడు" అనే చుట్టాలే భార్య వెళ్తే "పిల్లని వదిలేసి ఎలా వెళ్లింది" అంటారు. ఇలాంటి ఇళ్లలో మూడో దారి ఎంచుకుంటే, బెంగళూరులో ఉండే భర్త వెళ్లే తేదీకి రెండు నెలల ముందే వంట, డేకేర్, టీకాలు, స్కూలు వాట్సాప్ గ్రూపు అన్నీ తన చేతిలోకి తీసుకోవాలి. అత్తగారు వచ్చి చూసుకుంటారులే అనుకుంటే పిల్ల బాధ్యత ఒక ఆడమనిషి నుంచి ఇంకో ఆడమనిషికి మారిందంతే.

ఇద్దరు పిల్లలుంటే, చిన్నదానికి మూడేళ్లు నిండేదాకా ఆగగలిగితే ఆగండి. ఇద్దరికి డేకేర్ కడుతూ ఒక పార్ట్‌టైమ్ సంపాదనతో నెట్టుకురావడం దాదాపు ఏ దేశంలోనూ లెక్క తేలదు. చాలా యూనివర్సిటీలు అడ్మిషన్‌ను ఒక ఏడాది వాయిదా వేసుకోనిస్తాయి. ఒక మెయిల్ పెట్టి అడగడంలో తప్పు లేదు.

తిరిగి బెంగళూరుకే రావాలనుకునేవాళ్లు స్కూలు పిల్లల విషయంలో కన్నడ గుర్తుపెట్టుకోండి. కర్ణాటకలో స్కూళ్లలో కన్నడ ఒక భాషగా నేర్పాలన్న చట్టం 2015లో వచ్చింది. ఒకటో తరగతిలో వెళ్లి నాలుగో తరగతికి తిరిగొచ్చే పిల్ల కన్నడ అక్షరాలు దిద్దాల్సి వస్తుంది. తెలుగు చదవడం వచ్చిన పిల్లకు కన్నడ లిపి తొందరగా పట్టుబడుతుంది. అందుకని విదేశంలో ఉన్నన్నాళ్లూ వారానికి రెండు రోజులు ఇంట్లో తెలుగు చదివిస్తే రెండు పనులు అవుతాయి.

## ఏ దారైనా ముందు చేయాల్సిన కాగితాలు

పిల్లల పాస్‌పోర్టు మొదట. చిన్నపిల్లలకు ఇచ్చేది మామూలుగా ఐదేళ్లకే, పాప పుట్టినప్పుడు తీయించింది కోర్సు మధ్యలో అయిపోతుందేమో చూడండి.

తర్వాత పేర్లు. తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పిల్ల బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు పక్కన ఒక్క ఇనీషియల్ ఉంటుంది, తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకే కుటుంబమని తెలుసు, వీసా ఆఫీసర్‌కు తెలీదు. బర్త్ సర్టిఫికెట్ సవరణ ఎక్కడ పుడితే అక్కడే చేయించాలి. కాన్పుకు పుట్టింటికి వెళ్లి గుంటూరులోనో కర్నూలులోనో పుట్టిన పిల్ల అయితే ఆ ఊరికే వెళ్లాలి, బెంగళూరులో కాదు.

పెళ్లి రిజిస్ట్రేషన్ కూడా అంతే. కల్యాణమండపం వాళ్లిచ్చిన రసీదు, శుభలేఖ, ఆల్బమ్ ఫ్యామిలీ వీసాకు సరిపోవు. ఇంకా రిజిస్టర్ చేయించకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోండి. సాక్షులు, ఆధార్‌లు, ఫొటోలు వెంట ఉండాలి. పండగకు ఊరెళ్లినప్పుడు బర్త్ సర్టిఫికెట్ సవరణ కూడా అదే వారంలో పెట్టుకుంటే రెండోసారి సెలవు పెట్టే పని తప్పుతుంది. సంక్రాంతి వారం మాత్రం వద్దు, ఆఫీసులో ఎవరూ దొరకరు.